గణపతిరావు గారి గది

నువ్వు నవ్వొద్దు తల్లీ. మర్యాదకి నవ్వుతన్నావని తెలుసు. అయినా ఇప్పుడొద్దు. గది లేదని నవ్వుతా సెప్తే, లేకపోవడం కన్నా ఆ నవ్వే ఎక్కువ మండుతాది.

మళ్లీ సూడు. ఆ కంప్యూటర్లోనే సూడు. రెండో అంతస్తు, వీధి వేపు, బాల్కనీ ఉన్న మూల గది. నంబరు నన్నడక్కు. ఇక్కడ పాతోళ్లని ఎవల్నైనా అడుగు, దాన్ని గణపతిరావు గారి గదనే అంటారు. నువ్వు కొత్త. తెలీకపోవడం నీ తప్పు కాదు. నేను తప్పు పట్టే మనిషిని కాను, పైడితల్లమ్మ సాక్షి.

పేరేటమ్మా నీది? అరుణశ్రీ. బావుంది. ఏ ఊరు? ఆమదాలవలసా? పొద్దున్న రైలుకొచ్చేవా ఈ జనంలో? సెబాసు. మా అమ్మమ్మగారిది శ్రీకూర్మం తల్లీ. అంటే మనం మనం ఒకటే. శ్రీకూర్మం మనవణ్ణి ఆమదాలవలస ఆడపిల్ల ఇలగ బల్ల ముందర నిలబెట్టడం బావుందా, నువ్వే సెప్పు.

అటు సూడకు. మీ మేనేజరు రాడు. కోట దగ్గర జనంలో ఇరుక్కున్నాడని గేటు దగ్గరోడు సెప్పేడు. ఇప్పుడిక్కడ నువ్వూ నేనూను. ఆ సోఫాలో కూకున్న పెద్దమనుషులూను. ఏమండీ, మీరూ వినండి, పరవాలేదు. ఇందులో దాసేది ఏటుంది. న్యాయం నలుగురిలోనే అడగాల.

ఇదిగో కార్డు. పట్టుకుని సూడు. ఆ పచ్చ మరక పసుపు. కార్డొచ్చిన్నాడు అమ్మ పటం ముందర పెట్టి బొట్టెట్టేను. ఇప్పుడు నవ్వొచ్చులే, నవ్వు. బండి కొంటే బొట్టెడతాం, బీరువా కొంటే బొట్టెడతాం. నాకిది వాటికన్నా ఎక్కువ. పైన 'స్వర్ణబంధు' అని ఉన్నాది, కింద నా పేరున్నాది. మా మండలం మొత్తం ఎతికినా ఇలాటిది ఇంకోటి లేదు.

వెనక్కి తిప్పు. గట్టిగా సదువు, ఆళ్లూ వింటారు. పోనీ నేనే సెప్తాను, నాకు నోటికొచ్చు. 'మీరు మా అతిథి కారు, మా బంధువు. పండగ రోజుల్లో మీ గది మీ కోసం ఆగుతుంది. ఆ పూట మీ దగ్గర అద్దె పుచ్చుకోము.' అంతే. సుక్క పెట్టి ఊరుకున్నారు. వీలుంటే అని లేదు. కొత్తమ్మాయికి ఇష్టమైతే అని లేదు.

బంధువు అన్నారు తల్లీ. ఆ మాట నేనడిగి రాయించుకున్నది కాదు. మీరే అన్నారు. బంధువు గుమ్మంలోకి వస్తే గది లేదన్నారంటే, ఆ ఇంట్లో ఏదో జరిగిందనే గదా.

ఇయ్యాల పండగ కాదని మాత్రం అనకు. సిరిమానోత్సవం కన్నా పెద్ద పండగ విజయనగరంలో ఇంకోటుందా?

నువ్వు సిరిమాను సూసేవా ఎప్పుడైనా? టీవీలో కాదు. రోడ్డు మీద నిలబడితే ఏటి కనిపిస్తాది? ముందున్నోడి వీపు కనిపిస్తాది, ఆడి భుజాన కూకున్న పిల్లోడి కాళ్లు కనిపిస్తాయి. మెడ ఇరిగేలాగ పైకి సూస్తే అంత ఎత్తున మాను కొస, ఆ కొసన పూజారి. దణ్ణం పెట్టేలోగా దాటిపోతాడు. అదే ఆ బాల్కనీలో నిలబడు. అంత పొడుగు చింతమాను ఊగుకుంటా వస్తాది, కొసన కూకున్నాయన మన కంటికి సమానంగా వస్తాడు. సరిగ్గా ఎదురుగా. ఆ వేళ ఆయన్లో ఉన్నది ఆయన కాదు, పైడితల్లమ్మ. అంటే అమ్మ నీ మొహంలోకి సూస్తాదన్నమాట. అందరూ కిందనుంచి అరటిపళ్లు ఇసుర్తారు, తగిలితే తగిలింది, లేకపోతే ఎవడి నెత్తి మీదో పడింది. నా బాల్కనీలోంచి ఇసరక్కర్లేదు. సేత్తో అందించినట్టుంటాది.

కార్డొచ్చిన ఏడే మొదటిసారి ఆ బాల్కనీ ఎక్కేను. అక్కడే మొక్కుకున్నాను, బతికున్నన్నాళ్లూ ఏటేటా ఇక్కణ్ణుంచే నీకు పళ్లు ఇస్తానమ్మా అని. ఈ గంప సూడు. మా పెరట్లో గెల. మందు లేదు, మగ్గబెట్టింది లేదు, సెట్టున పండింది. తల మీద పెట్టుకుని తెచ్చేను, కార్లో కూడా కింద పెట్టలేదు.

మరి నా మొక్కు మీ మెట్ల మీద తీర్సుకోమంటావా?

ఆగు, ఫోను. నువ్వేటీ మాటాడకు ఒక్క నిమిషం.

"ఆఁ బావగారూ, చెప్పండి. వచ్చేశారా? బారికేడ్ల దగ్గరా? కారు అక్కడే వదిలేయండి, ఇవాళ ఇంక లోపలికి రానివ్వరు. నడిచి వచ్చేయండి, దగ్గరే. చెల్లెమ్మగారిని నెమ్మదిగా నడిపించండి. గదా? గది రెడీ అండీ. ఏసీ వేయించి ఉంచాను. మన ఇల్లే అనుకోండి."

విన్నావు గదా. ఆయన రమేష్‌బాబు గారు. విశాఖపట్నం. మా బాబీకి ఆళ్ల అమ్మాయిని అనుకుంటన్నాం. ఇంకా తాంబూలాలు అవలేదు. మొన్న ఆళ్లింటికి ఎల్లేం తల్లీ. ఒక్కో గోడకి ఒక్కో రంగు, కాళ్ల కింద తివాసీ, సెప్పులు ఎక్కడ ఇప్పాలో తెలీక నేను గుమ్మంలోనే నిలబడిపోయేను. బాబీ నా సెయ్యి పట్టుకుని లోపలికి లాగేడు. కొడుకు నన్ను లాగేడు. ఆ తర్వాత ఆయన, మంచిగానే, మీ వేపు సూడదగ్గవి ఏముంటాయండీ అని అడిగేడు. నాకు సటుక్కున నోటికొచ్చింది. సిరిమానుకి రండి బావగారూ, విజయనగరంలో నాకు గదుంది, అమ్మ నా బాల్కనీ ముందునుంచే ఎల్తాది అన్నాను.

నాకు గదుంది అన్నాను. హోటల్లో అని అనలేదు. అది ఏరే సంగతి.

ఇప్పుడు తెలిసిందా నాకు ఈ సెమటలు ఎందుకో. ఆయన ఆ అద్దం తలుపు తోసుకుని వచ్చేసరికి తాళం నా సేతిలో ఉండాల. లేదంటే సంబంధం సంగతి అలగుంచు, మా బాబీ ఇంక నా మొహం సూడడు. మళ్లీ సెయ్యి పట్టుకుని లాగడు కూడాను, గుమ్మంలోనే వదిలేస్తాడు.

ఏటీ? ఇంకోసారి అను.

గది నా పేర్నే ఉన్నాదా?

మరి ఇంతసేపూ నన్నెందుకు ఏడిపించేవు తల్లీ? తే తాళం.

ఇవ్వకూడదా? నా పేర్న ఉన్నాదని నువ్వే అంటన్నావు, నాకివ్వకూడదని నువ్వే అంటన్నావు. లోపల మనుషులున్నారా? నా పేర్న ఉన్న గదిలో మనుషులా? ఉండు, ఉండు, నన్ను మాటాడనీ. నువ్వు తర్వాత సెప్పుదువు గాని.

నాకర్థమైపోయింది. ఎవలో ఆఫీసరు సుట్టాలు వచ్చుంటారు. ఫలానావారు పంపేరని ఉంటారు. మీరు కంప్యూటర్లో నా పేరు అలగే ఉంచి, గదిలో ఆళ్లని కూకోబెట్టేరు. పండగ పూట ఇలాటివి జరుగుతాయని నాకు తెలుసు. నా మీద జరుగుతాదని తెలీలేదు.

నువ్వు పొద్దున్నుంచీ ఈ బల్ల ఎనకాలే ఉన్నావు. ఒక్కసారి బయటికెల్లి సూడు. సిరిమాను ముందర ఏటేటి నడుస్తాయి? పాలధార నడుస్తాది, అంజలి రథం నడుస్తాది, తెల్ల ఏనుగు నడుస్తాది. బెస్తోళ్ల వల నడుస్తాది. వలకేం పని అమ్మోరి ముందర? ఎందుకంటే అమ్మ పెద్ద చెరువు నీళ్లలో ఉంటే, ఆ నీళ్లలో దిగి పైకి తీసుకొచ్చింది ఆళ్ల మనుషులు గనక. ఎన్ని తరాలైనా ఆ చోటు ఆళ్లదే. ఎంత పెద్దోడైనా వచ్చి, ఈయేడు వల ఎనక్కి పెట్టండి, నా మనుషులు ముందు నడుస్తారు అనగలడా? అన్నాడే అనుకో, ఊరు ఊరుకుంటాదా? హక్కంటే అది తల్లీ. దిగినోడికి ముందు చోటు. ఈ గదికీ నాకూ ఉన్నది కూడా అలాటిదే అనుకో.

ఏటన్నారండీ? మీరే, సోఫాలో. గది ఏమైనా అమ్మోరా, ఇంత గట్టిగా పట్టుకున్నారు అన్నారా? బావుంది, నవ్వండి. మీ చేతిలో ఏ కార్డూ లేదు గనక మీకు నవ్వొస్తాది. పోగొట్టుకోడానికి ఏటైనా ఉంటే తెలుస్తాది.

నీళ్లా? వద్దమ్మా. నా గదిలో సీసాల్లో నీళ్లు పెడతారు. అవి తాగుతాను. బుట్టలో పళ్లు కూడా పెడతారు, పైన నా పేరు రాసిన చీటీ పెట్టి. కిందటేడు త్రినాథ్ అని మీ దగ్గర కుర్రోడు, నా సంచీ అందుకుని, రండి మావా అని మెట్ల దాకా ఎదురొచ్చేడు.

మేడ మీదా? మేడ మీదికి రమ్మంటన్నావా? నీళ్ల ట్యాంకు పక్కన? మీరు ఉతికి ఆరేసిన దుప్పట్ల కింద నుంచి ఒంగుకుంటా ఎల్లి, మా బావగారికి అమ్మోరిని సూపించాలా? వద్దు తల్లీ. నీ మంచికి దణ్ణం.

నేనెవల్నో నీకు తెలీలేదు, అదే ఇబ్బంది. మా ఊరు చీపురుపల్లి అవతల. ధాన్యం యాపారం. ఆ ఊళ్లో ఏ ముసలమ్మనైనా అడుగు, సొంత మనవడి పేరు మర్సిపోద్దేమో గాని నా ఫోన్నంబరు మాత్రం గుక్క తిప్పుకోకుండా సెప్తాది. గ్యాసుకి నా నంబరే. బ్యాంకుకి నా నంబరే. ఆసుపత్రి చీటీకి నా నంబరే. ఆళ్ల ఫోన్లకి మెసేజొస్తే సదువుకోలేరు, ఏటి నొక్కితే ఏటి పోద్దో అని భయం. అంచేత నేనే అన్నాను, ఎక్కడేది అడిగినా నా నంబరివ్వండి, నేను సూసుకుంటాను అని. ఓటీపీ నాకొస్తాది. ఆళ్లు ఫోను సేస్తారు, నేను అంకెలు సెప్తాను. భోంచేస్తన్నా సెప్తాను, పూజలో ఉన్నా సెప్తాను. ఇయ్యాల పొద్దున్న కూడా అమ్మకి దీపం పెడతంటే ఎవలో సేసేరు. ఒక సేత్తో అగ్గిపుల్ల, ఒక సేత్తో ఫోను. అంకెలు సెప్పి పెట్టేసేను. ఎవలు, ఎందుకు అని అడగను. అడిగితే అది సేవ ఎలగవుతాది?

విజయనగరం ఎవలొచ్చినా ఇక్కడే దిగమంటాను. పెద్దాసుపత్రికి దగ్గర గదా. గణపతిరావు మనుషులమని సెప్పండి, మర్యాదగా సూస్తారు అంటాను. అంతమందిని నీ బల్ల ముందరికి పంపినోణ్ణి నేను. అలాటోడికి ఇదా మర్యాద?

సార్ సార్ అనకు. సెప్పేది ఏటీ లేదింక. నేను అడిగిందానికి ఔననో కాదనో సెప్పు, సాలు. ఆ గదిలో ఉన్నోళ్లని దింపుతావా, దింపవా?

ఆగు.

"బావగారూ, ఎక్కడిదాకా వచ్చారు? జనం తోస్తున్నారా? పక్కగా నడవండి, గోడవారగా. ఆఁ, డప్పులు వినిపిస్తున్నాయండీ ఇక్కడికి. ఇంకా టైముంది, కంగారు పడకండి. నేను కిందే నిలబడి ఉన్నాను, మీకోసం. గదిలో కూర్చోబుద్ధి కాక."

సూసేవా నా సేత ఎన్ని అబద్దాలు ఆడిస్తన్నావో. పండగ పూట, ఉపాసం మీద ఉన్నోణ్ణి.

సరే. నేను సేయకూడదనుకున్న పని నువ్వే సేయిస్తన్నావు. ఈ ఫోను సూడు. స్వర్ణబంధు ఉన్నోళ్లకి మాత్రమే వస్తాది ఈ ఎర్ర బొమ్మ. నొక్కితే ఫిర్యాదు మీ మేనేజరుకి కాదు, పై ఆఫీసుకి ఎల్తాది. ఇందాక త్రినాథ్ అన్నానే, ఆ కుర్రోడు ఇప్పుడెందుకు లేడో నీకు సెప్పేరా? ఎవలో సభ్యుడు తువ్వాలు మాసుందని ఇదే బొమ్మ నొక్కేడు. ఆడు ఇప్పుడు కొత్తవలసలో ఆటో తోలతన్నాడు. నొక్కింది నేను కాదు. నేనింతదాకా ఎవలి మీదా నొక్కలేదు. ఒకడి కూట్లో మన్ను పొయ్యడం అమ్మకి నచ్చదని నాకు తెలుసు.

అమ్మ మీద ఒట్టేసి అడుగుతన్నాను. ఆఖరిసారి. తాళం ఇస్తావా?

తల అడ్డంగా తిప్పుతన్నావు.

అయితే రాస్తన్నాను సూడు. 'నా గదిని వేరే వాళ్లకు ఇచ్చారు. రిసెప్షన్‌లో అరుణశ్రీ అనే అమ్మాయి...' శ్రీ అంటే ఇలగే గదా రాస్తావు? సరే. '...అనే అమ్మాయి సభ్యుడిని నలుగురిలో అవమానించింది.'

పంపేసేను. అయిపోయింది.

ఏడవకు. ఏడిస్తే నేనేదో సేసినట్టుంటాది. సోఫాలో ఆయన సూస్తన్నాడు.

ఏటది? ఎవలికి సేస్తన్నావు? గదిలోకా? ఆళ్లు నాతో మాటాడతారా? తే ఇటు. ఈ పని ముందే సేసుంటే ఇంత రాద్ధాంతం లేకపోను. నేనే మర్యాదగా సెప్తాను.

"అలో. ఎవలండీ మాటాడతన్నది? నేను గణపతిరావుని. మీరు ఉన్న గది నాది. మీకు తెలిసి ఎక్కేరో తెలీక ఎక్కేరో గాని...

ఎవలూ?

జగ్గమ్మత్తా?

నువ్వేటి ఇక్కడ? ... పండక్కా. ... ఔనౌను, మోకాళ్లు. రోడ్డు మీద నిలబడలేవు, నాకు తెలుసు. ... కూకోడానికి చోటిమ్మని అడిగేవా, అమ్మాయి నంబరు అడిగిందా. ... నా నంబరే ఇచ్చేవు. మరి ఎవలిదిస్తావు.

పొద్దున్న ఫోను సేసింది నువ్వా?

... సెప్పేను. ఔను. నేనే సెప్పేను అంకెలు.

... అమ్మాయి కూడా మాటాడిందా నాతో? ఏటని? ... వీళ్లు మీ మనుషులేనా సార్ అని. నేనేటన్నాను? ... మనోళ్లే, బాగా సూసుకోండి అన్నానా. అన్నానేమో. అప్పుడు దీపం పెడతన్నానత్తా, అగ్గిపుల్ల సెయ్యి కాలతంది.

ఎంతమంది ఉన్నారు? ... కూర్మమ్మా, దాని కోడలూ కూడానా. ... మంచం మీద కూకోలేదా? మరెక్కడ కూకున్నారు? నేల మీదెందుకు? ... దుప్పటి నలిగిపోద్దనా.

... బుట్టలో పళ్లు తినలేదా. తినండత్తా. నా పేరుంటే ఏటి, తినండి. ... నాకోసం ఉంచేరా. బాల్కనీలో కుర్చీ కూడా ఉంచేరా.

... లేదత్తా, గొంతుకేటీ కాలేదు. జనంలో అరిసి అరిసి. ... సరే. పెట్టేస్తన్నాను."

ఇదిగో తీసుకో తల్లీ ఫోను.

ఇందాకట్నుంచీ నువ్వు సెప్పబోయింది ఇదేనా?

మరి నన్నెందుకు ఆపలేదు? ... ఆపేవు. సార్ సార్ అంటానే ఉన్నావు. కార్డు ఎనకాల రాసింది రాసినట్టు సేసేవు నువ్వు. సభ్యుడి గది సభ్యుడి మనుషులకిచ్చేవు. ఫోను సేసి అడిగి మరీ ఇచ్చేవు.

కూకుంటానమ్మా కాసేపు. అబ్బే, సోఫాలో వద్దు. ఈ మెట్టు మీద కూకుంటాను.

జగ్గమ్మత్త నాకు సుట్టం కాదు. ఊరి వరసకి అత్త. ఆమె పెనిమిటి సోములు, నాకు ధాన్యం తూచి పెట్టేవోడు. కొన్నేళ్ల కిందట ఇక్కడ పెద్దాసుపత్రిలో పడేడు. లివరు. ఆమె ఇక్కడే దిగింది. ఎనకవేపు, కిటికీ లేని చిన్న గదుంటాది సూడు, మెట్ల కింద. అందులో. పగలంతా ఆసుపత్రి, రాత్రికి ఇక్కడ. చాలా రోజులుంది. నా నంబరు మీదే. అద్దె ఆమే కట్టుకుంది, సెవి దుద్దులు తీసి. నేనొచ్చి సూసింది ఒక్కసారి. ఆపిల్‌పళ్లు తెచ్చేను. తెచ్చేనని ఊళ్లో సెప్పుకున్నాను కూడా.

సోములు పోయేడు. కట్టెల దగ్గర నిలబడ్డాం అందరం. నిప్పెట్టేరు. జేబులో నా ఫోను గుయ్యిమంది. తీసి సూసేను.

'అభినందనలు గణపతిరావు గారూ. ఇవాళ్టి నుంచి మీరు మా స్వర్ణబంధు.'

అమ్మ దయ అనుకున్నాను తల్లీ. నిజంగా అలగే అనుకున్నాను. ఫోన్ని కళ్లకద్దుకున్నాను అక్కడే, మంట ముందర. నా కళ్లలో నీళ్లు సూసి, సోములంటే గణపతిరావుకి ఎంత ప్రేమో అనుకున్నారు ఆళ్లు. జగ్గమ్మత్త కూడా అలగే అనుకుంది. ఇప్పటికీ అంటాది.

ఇప్పుడు నువ్వు ఆ ఫోను నా సేతిలో పెట్టేదాకా నాకు తట్టలేదంటే నమ్ముతావా? నేను ఈ హోటల్లో పడుకున్నదెంత? సిరిమాను పూట వస్తాను, పళ్లిస్తాను, సీకటి పడకుండా ఎల్లిపోతాను. నంబరు మీద ఎన్ని రాత్రులు పడితే అంత పెద్ద కార్డు గదా మీకు, మరి ఇంత బంగారం ఎక్కణ్ణుంచొచ్చింది కార్డులోకి? ఆళ్ల నిద్రలు తల్లీ. ఆసుపత్రిలో మనిషిని వదిలేసి వచ్చి, ఇక్కడ పట్టీ పట్టని నిద్రలు పోయినోళ్ల నిద్రలు. ఒక్కోటీ నా పేర్న పడింది.

నీళ్లలో దిగింది ఆళ్లు. వల పట్టుకుని ముందు నడుస్తన్నది నేను.

అదిగో, మోగింది. ఫోను కాదు, మెసేజు.

'ప్రియమైన గణపతిరావు గారూ, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాము. సంబంధిత ఉద్యోగిపై తగిన చర్య తీసుకుంటాము.'

ఇంత తొందరా? అసలు మనిషనేవోడు సదివేడా ఇది? ఆ అమ్మాయినొక మాట అడగరా?

దీన్ని ఎనక్కి ఎలగ తీసుకోవాల? నువ్వే సెప్పు, నీకు తెలుస్తాది. ఇక్కడ నొక్కాలా? ఇక్కడ? ... లేదా? తీసే దారే లేదా? పంపడానికి ఒక్క నొక్కు, తీయడానికి దారి లేదా?

ఎన్నాళ్లైంది నువ్వు చేరి? ... ఇంకా ఖాయం సెయ్యలేదా.

ఇంట్లో ఎవలున్నారు అని అడగబోయేను. అడగనులే. అడిగితే, నువ్వు సెప్తే, నేను అయ్యో అంటాను. నాకు అయ్యో అనడం బాగా వచ్చు.

ఆగు. ఆయనే.

"ఆఁ బావగారూ. ... అలాగా. ఎక్కడ? ... ఆఁ, తెలుసు తెలుసు, మలుపులో పెద్ద హోటలు. ... మీకు ప్లాటినమా అక్కడ. ... అలాగా, దేశంలో ఎక్కడికెళ్లినా చెల్లుతుందా. మంచిది. డాబా మీద కుర్చీలు వేసి గొడుగులు పెట్టారా. ... లేదండీ, నాకేం ఇబ్బంది. చెల్లెమ్మగారికి సుఖంగా ఉండడమే కావాలి. ... నేనా? ఒకరినే తోడు తీసుకెళ్లనిస్తారా. అవును, అది చెల్లెమ్మగారి చోటు. ... వద్దండీ, కింద నిలబడి చెయ్యి ఊపడం ఎందుకు, ఈ జనంలో. నేను గదిలోనే ఉన్నాను. ఆఁ. బాల్కనీలో."

విన్నావా? ప్లాటినమట. బంగారం పైన అదొకటుందని నాకు తెలీదు. ఆయన కూడా దాని ఎనకాల ఏటి రాసిందో సదివి వినిపించేడు, ఎంత మర్యాదగానో. నేను నీకు సదివినట్టే.

డప్పులు దగ్గరకొచ్చేసేయి. వల మలుపు తిరిగుంటాది.

రేపు నేనే వచ్చి మీ మేనేజరుకి సెప్తాను తల్లీ, తప్పు నాదని. సెప్తాను. అయితే ఆయన ఏటంటాడో నాకు తెలుసు. మాదేముంది సార్, పై ఆఫీసు అంటాడు. గది ఖాళీ సేసేటప్పుడు ఎలగుందని మెసేజొస్తాది గదా, అది నా ఫోనుకే వస్తాది. అందులో రాస్తాను, ఈ పిల్ల బంగారం అని. జగ్గమ్మత్తని అడిగి, ఆమె ఏటంటే అదే రాస్తాను, నా మాట కలపను. అప్పుడు పై ఆఫీసోళ్లకి ఒకే రోజు గణపతిరావు దగ్గర్నుంచి రెండు మాటలు ఎల్తాయి. బయటున్న గణపతిరావు నిన్ను తీసేయమంటాడు. లోపలున్న గణపతిరావు నీకు దణ్ణం పెడతాడు. ఏ గణపతిరావుని నమ్ముతారో నాకు తెలీదు. ముందు వచ్చిన మాటకే ఇలువ అంటే, నేను ముందే పంపేసేను.

ఆ గంప ఇలగివ్వు. నేనే ఎత్తుకుంటాను, నువ్వు లేవకు.

తాళం అక్కర్లేదు. దారి నాకు తెలుసు. రెండో అంతస్తు, మూల గది. తలుపు కొడతాను. లోపల్నుంచి జగ్గమ్మత్త, ఎవలూ, అని అడుగుతాది.

ఏటి సెప్పమంటావు తల్లీ? గణపతిరావునంటే, గణపతిరావు పొద్దున్నుంచీ లోపలే ఉన్నాడు గదా.